'వాజ్ డయింగ్' వేరు, 'డైడ్' వేరు
(స్థితి మారుతున్నప్పుడు ఇంగ్లీషు క్రియ ఏం చెబుతుంది? – మన తెలుగుతో పోల్చి ఒక పాఠం)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు కవిత రాయాలా, జ్ఞాపకం రాయాలా అని ఆలోచించాం. చివరికి పాఠమే రాద్దామనుకున్నాం. ఎంకపల్లి నుంచి ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని హాస్టలుకు వచ్చిన రోజున మాకు ఇంగ్లీషులో పేరు రాయడం తప్ప ఏమీ రాదు. ఇప్పుడు ఇంగ్లీషులో ఎం.ఏ. చేశాం. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి వాళ్లం మేమే. కాబట్టి నేర్చుకున్నదాంట్లో కొంత మీకు చెప్పడం మా బాధ్యత. ఈ పాఠం మాకు ఏ క్లాసులోనూ సరిగ్గా అందలేదు. ఒక సెలవు చీటీ నేర్పింది. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత పాఠంలోకి వెళ్తాం.

ఒక సెలవు చీటీ

అప్పుడు మేము తొమ్మిదో తరగతి. ఒక్క గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. సెలవు కావాలంటే ఇంగ్లీషులోనే రాయాలని అప్పటి నియమం. భాష అలవాటు కావాలని మంచి ఉద్దేశంతోనే పెట్టారు.

ఒకరోజు మాలో ఒకడికి ఇంటి నుంచి కబురు వచ్చింది. "నాయనమ్మకు పానం మంచిగ లేదు, ఆఖరి గడియలల్ల ఉన్నది, జెప్పన రా" అని. వాడు ఏడుస్తూ కూర్చున్నాడు. మిగతా ఏడుగురం కలిసి చీటీ రాశాం. 'చనిపోతోంది' అనడానికి మాకు తెలిసిన ఇంగ్లీషు మాట ఒక్కటే. అందుకని 'మై గ్రాండ్‌మదర్ ఈజ్ డైడ్' అని రాసి ఇచ్చాం. ఇన్‌చార్జి సారు చదివి, అయ్యో అని, అయిదు రోజుల సెలవు ఇచ్చారు. సెలవుల రిజిస్టరులో 'నాయనమ్మ మృతి' అని రాసుకున్నారు.

వాడు వెళ్లేసరికి నాయనమ్మ కళ్లు తెరిచింది. రెండు రోజులకు గంజి తాగింది. వాడు సంతోషంగా తిరిగి వచ్చాడు. సారు నిలదీశారు. "చనిపోయిందని రాశావు కదా?" వాడు చెప్పిన మాట ఇప్పటికీ మా చెవుల్లో ఉంది. "అప్పుడు పానం పోతుండె సార్. పోలె."

"అదే ఇంగ్లీషులో రాసి సంజాయిషీ ఇవ్వు" అన్నారు సారు. మళ్లీ ఎనిమిది మందిమీ కూర్చున్నాం. 'షి వాజ్ డెడ్, బట్ షి ఈజ్ నౌ ఆల్ రైట్' అని రాశాం. అంటే 'ఆమె చనిపోయి ఉంది, కానీ ఇప్పుడు బాగానే ఉంది' అని! స్టాఫ్ రూములో అందరూ నవ్వారట. సారుకు మాత్రం మేము అబద్ధం ఆడామన్న అనుమానం మిగిలిపోయింది.

నెల తిరగకుండానే నాయనమ్మ నిజంగా పోయింది. హాస్టలు ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకు ఫోన్ వచ్చింది. మళ్లీ చీటీ రాశాం. ఈసారి 'డైడ్' అన్న మాట సరైనదే. కానీ రిజిస్టరులో ఆమె అప్పటికే చనిపోయి ఉంది. సారు వాళ్ల నాన్నకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. చావు ఇంట్లో ఎవరు ఎత్తుతారు? సాయంత్రం దాకా చూద్దాం అన్నారు. సాయంత్రానికి సంగతి తెలిసింది, కానీ ఆఖరి బస్సు వెళ్లిపోయింది. మర్నాడు వాడు ఊరు చేరేసరికి బూడిద మాత్రమే ఉంది.

సారును మేము తప్పు పట్టం. ఆయన కాగితాన్ని నమ్మారు. కాగితంలో మేము తప్పు రాశాం. మాకు కావలసింది ఒక్క వాక్యం: 'షి వాజ్ డయింగ్ వెన్ ఐ రోట్ ద లెటర్, బట్ షి డిడ్ నాట్ డై.' ఆ ఒక్క వాక్యం ఎనిమిది మందిలో ఒక్కరికీ రాలేదు. ఈ పాఠం ఆ వాక్యం గురించే.

బయట, గడప, లోపల

ఒక గదిని ఊహించుకోండి. మనిషి గది బయట ఉండవచ్చు, గడప దాటుతూ ఉండవచ్చు, లోపల ఉండవచ్చు. ఏ మార్పుకైనా ఈ మూడు చోట్లు ఉంటాయి. వెలుగు ఉంది, చీకటి పడుతోంది, చీకటిగా ఉంది. పాలు ఉన్నాయి, తోడుకుంటున్నాయి, పెరుగు అయింది. ఇంగ్లీషులో ఈ చోట్లను వేరు వేరు రూపాలతో చెబుతారు. చీకటినే తీసుకుందాం.

'ఇట్ వాజ్ గెటింగ్ డార్క్' – చీకటి పడుతూ ఉంది. గడప మీద ఉన్నాం.
'ఇట్ గాట్ డార్క్' – చీకటి పడింది. గడప దాటాం.
'ఇట్ వాజ్ డార్క్' – చీకటిగా ఉంది. లోపల ఉన్నాం. ఎప్పుడు దాటామో ఈ వాక్యం చెప్పదు.

మనకు బళ్లో 'వాజ్, వర్ పక్కన ఐ.ఎన్.జి. కలిపితే పాస్ట్ కంటిన్యువస్, గతంలో జరుగుతూ ఉన్న పని' అని చెబుతారు. అది నిజమే, కానీ సగమే. పని చేసే క్రియలు వేరు, స్థితి మార్చే క్రియలు వేరు. 'రన్', 'ప్లే', 'సింగ్' వంటివి పని చెప్పే క్రియలు. 'డై', 'స్టాప్', 'అరైవ్', 'బికమ్', 'గెట్' వంటివి ఒక స్థితిలో నుంచి ఇంకో స్థితిలోకి దాటించే క్రియలు. వీటికి ఐ.ఎన్.జి. తగిలిస్తే 'కొత్త స్థితిలో ఉన్నాడు' అని అర్థం రాదు. 'కొత్త స్థితి వైపు పోతున్నాడు, ఇంకా చేరలేదు' అని వస్తుంది.

'ద బస్ వాజ్ స్టాపింగ్' అంటే బస్సు ఆగి ఉందని కాదు. వేగం తగ్గుతోంది, చక్రాలు ఇంకా తిరుగుతున్నాయి. మెహిదీపట్నం నుంచి చేవెళ్ల పోయే బస్సు మన స్టేజీ దగ్గర ఎలా ఆగుతుందో మీకు తెలుసు. 'వాజ్ స్టాపింగ్' అనుకుని పరుగెత్తితే, 'డిడ్ నాట్ స్టాప్' అని ముందుకు పోతుంది!

చేరతామన్న హామీ లేదు

ఇది ఈ పాఠానికి గుండెకాయ. 'హి వాజ్ రన్నింగ్' అన్నారనుకోండి. మధ్యలో ఆపేసినా అతను పరుగెత్తినట్టే. 'హి ర్యాన్' అనే మాట నిజం. అదే 'హి వాజ్ క్రాసింగ్ ద రోడ్' అన్నారనుకోండి. అతను రోడ్డు దాటాడని చెప్పలేం. సగంలో వెనక్కి వచ్చి ఉండవచ్చు.

జీనో వెండ్లర్ అనే తత్వవేత్త 1957లో 'వెర్బ్స్ అండ్ టైమ్స్' అనే వ్యాసంలో క్రియలను నాలుగు రకాలుగా విడదీశారు. స్థితి చెప్పేవి ('నో', 'లవ్'), పని చెప్పేవి ('రన్'), కొంత సమయం పట్టి ఒక చివరకు చేరేవి ('ఇల్లు కట్టడం'), క్షణంలో జరిగేవి ('చేరడం', 'గెలవడం'). తర్వాత 1970లలో డేవిడ్ డౌటీ అనే అమెరికా భాషావేత్త మనం పైన చెప్పుకున్న చిక్కును లోతుగా పరిశీలించారు. చివర ఉన్న క్రియకు ఐ.ఎన్.జి. తగిలిస్తే ఆ చివర మాయమవుతుందేమిటి అన్నది ఆయన ప్రశ్న. పేర్లు గుర్తు పెట్టుకోకపోయినా ఫరవాలేదు. ఒక చిన్న పరీక్ష గుర్తు పెట్టుకోండి. మేము దానికి 'బట్ పరీక్ష' అని పేరు పెట్టుకున్నాం.

వాక్యం చివర 'బట్' పెట్టి ఫలితాన్ని కాదనండి. వాక్యం నిలబడితే ఇంకా గడప మీదే ఉన్నట్టు. కూలిపోతే గడప దాటినట్టు.

'ద మ్యాన్ వాజ్ డ్రౌనింగ్, బట్ దే సేవ్డ్ హిమ్.' – నిలబడింది. మునిగిపోతున్నాడు, కాపాడారు.
'ద మ్యాన్ డ్రౌన్డ్, బట్ దే సేవ్డ్ హిమ్.' – కూలిపోయింది. మునిగి చనిపోయిన వాణ్ణి ఎలా కాపాడతారు?

మన మూసీ చరిత్రలో దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగింది. వేల మంది చనిపోయారు. అప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆ రోజు గురించి 'ద వాటర్ వాజ్ రైజింగ్' అని రాస్తే నీళ్లు పెరుగుతూ ఉన్నాయని. చెట్టు ఎక్కినవాళ్లకు ఇంకా సమయం ఉందని. 'ద వాటర్ రోజ్' అని రాస్తే పెరగడం అయిపోయింది. ఒక్క మాటలో మనుషులకు సమయం ఉందా లేదా అన్నది తెలుస్తుంది.

ఆ వరద తర్వాతే మనకు దగ్గర్లోని జంట జలాశయాలు వచ్చాయి. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 'ఇన్ 1925 దే వర్ బిల్డింగ్ హిమాయత్‌సాగర్' అంటే సరే. 'ఇన్ 1925 దే బిల్ట్ హిమాయత్‌సాగర్' అంటే తప్పు. 1925లో గోడ లేస్తోంది కానీ చెరువు లేదు.

క్రికెట్ ఇష్టమైన తమ్ముళ్లకు ఇంకొకటి. 1979లో ఓవల్ మైదానంలో ఇంగ్లాండు మీద మన జట్టుకు 438 పరుగుల లక్ష్యం. గవాస్కర్ 221 కొట్టారు. ఒక దశలో స్కోరు ఒక వికెట్టుకు 366. అప్పుడు 'ఇండియా వాజ్ విన్నింగ్' అనడం నూటికి నూరు పాళ్లు నిజం. చివరికి 8 వికెట్లకు 429 దగ్గర ఆట ముగిసింది, డ్రా అయింది. 'ఇండియా వన్' అనడం అబద్ధం. గెలుస్తూ ఉండడం గెలవడం కాదు.

మన తెలుగు ఎక్కడ తిప్పలు పెడుతుంది?

మనం తప్పులు చేసేది తెలివి లేక కాదు. మన భాష ఇంకో దారిలో నడుస్తుంది కాబట్టి. ఆ దారులు ఎక్కడ విడిపోతాయో తెలిస్తే సగం తప్పులు పోతాయి.

ఒకటి: 'చదువుతున్నాను' రెండు కాలాలకూ పనికి వస్తుంది.
'ఇప్పుడు నేను చదువుతున్నాను' అంటాం. 'నిన్న నువ్వు వచ్చినప్పుడు నేను చదువుతున్నాను' అని కూడా అంటాం. క్రియ మారలేదు. 'నిన్న' అన్న మాటే కాలాన్ని మోస్తోంది. అందుకే మన పిల్లలు 'వెన్ యు కేమ్ ఎస్టర్డే, ఐ యామ్ రీడింగ్' అని రాస్తారు. ఇంగ్లీషులో కాలాన్ని 'ఎస్టర్డే' ఒక్కటే మోయలేదు. క్రియ కూడా మోయాలి. 'ఐ వాజ్ రీడింగ్' అనాల్సిందే.

అయితే ఇక్కడ ఒక మంచి సంగతి ఉంది. పుస్తకాల తెలుగులో అంతగా వాడని రూపం మన ఇళ్లలో ఉంది. 'నువ్వొచ్చినప్పుడు నేను చదువుతుంటి', 'వాన పడుతుండె', 'చీకటయితుండె', 'మేం పోతుంటిమి' అంటాం కదా. ఈ 'తుంటి, తుండె, తుంటిమి' గతంలో జరుగుతూ ఉన్నదాన్ని చెబుతాయి. రోజూ జరిగే అలవాటుకు కూడా వీటిని వాడతాం, ఆ తేడా గమనించండి. 'చిన్నప్పుడు రోజూ బాయికి పోతుంటిమి' అంటే అలవాటు. దానికి ఇంగ్లీషులో 'యూజ్డ్ టు గో' సరిపోతుంది. 'మీరు కలిసినప్పుడు బాయికి పోతుంటిమి' అంటే ఆ సమయంలో దారిలో ఉన్నామని. దానికే 'వర్ గోయింగ్'.

మా మిత్రుడు సారుతో అన్న మాట మళ్లీ చూడండి. 'పానం పోతుండె, పోలె.' వ్యాకరణం ఎంత సరిగ్గా ఉంది! 'షి వాజ్ డయింగ్, బట్ షి డిడ్ నాట్ డై' అన్నదానికి ఇంతకంటే మంచి తెలుగు లేదు. వాడి దగ్గర భావం ఉంది, భాష ఉంది, రూపం ఉంది. లేనిదల్లా అవతలి ఒడ్డుకు తాడు. ఇంటి భాష మాట్లాడితే చదువు రాదని ఎవరైనా అంటే నమ్మకండి. ఇంటి భాషను పక్కన పెట్టుకుని చూసుకుంటేనే ఇంగ్లీషు తొందరగా వస్తుంది.

రెండు: 'కూర్చున్నాడు' – కూర్చునే పనా, కూర్చుని ఉండే స్థితా?
తెలుగులో 'కూర్చున్నాడు' అంటే రెండూ వస్తాయి. 'కుర్చీ లాక్కుని కూర్చున్నాడు' అంటే పని. 'నేను వెళ్లేసరికి అరుగు మీద కూర్చున్నాడు' అంటే స్థితి. కానీ 'కూర్చుంటున్నాడు' అంటే గడప మీదే ఉన్నాడు, మోకాళ్లు వంగుతున్నాయి, ఇంకా కూర్చోలేదు.

ఇంగ్లీషులో తలకిందులు. 'హి వాజ్ సిటింగ్' అంటే కూర్చుని ఉన్నాడు. లోపలే ఉన్నాడు. గడప చెప్పాలంటే 'హి వాజ్ సిటింగ్ డౌన్' అనాలి. ఆ 'డౌన్' అనే చిన్న మాటే గడప. ఇలాంటి జంటలు కొన్ని రాస్తున్నాం. నోటుబుక్కులో ఎక్కించుకోండి.

'వాజ్ స్టాండింగ్' – నిలబడి ఉన్నాడు. 'వాజ్ స్టాండింగ్ అప్' – లేచి నిలబడుతున్నాడు.
'వాజ్ లయింగ్' – పడుకుని ఉన్నాడు. 'వాజ్ లయింగ్ డౌన్' – చాలాసార్లు నడుం వాలుస్తున్నాడని. కొన్నిసార్లు పడుకుని ఉన్నాడని కూడా వస్తుంది, సందర్భాన్ని బట్టి చూసుకోవాలి.
'వాజ్ వేరింగ్ ఎ షర్ట్' – చొక్కా వేసుకుని ఉన్నాడు. 'వాజ్ పుటింగ్ ఆన్ ఎ షర్ట్' – చొక్కా వేసుకుంటున్నాడు.
'వాజ్ స్లీపింగ్' – నిద్రలో ఉన్నాడు. 'వాజ్ ఫాలింగ్ అస్లీప్' – నిద్రలోకి జారుకుంటున్నాడు.

స్టడీ అవర్లో దొరికిపోయిన తమ్ముడు 'సర్, ఐ వాజ్ ఓన్లీ ఫాలింగ్ అస్లీప్' అంటే ఇంకా నిద్రపోలేదని చెప్పుకున్నట్టు. 'ఐ వాజ్ స్లీపింగ్' అంటే నేరం ఒప్పుకున్నట్టు!

మూడు: 'తెలుస్తోంది', 'అర్థమవుతోంది'.
తెలుగులో 'తెలుసు' అంటే లోపల ఉన్నట్టు, 'తెలుస్తోంది' అంటే గడప మీద ఉన్నట్టు. రెండు మాటలు ఉన్నాయి, చక్కగా ఉంది. ఇంగ్లీషులో 'నో' అనేది స్థితి చెప్పే క్రియ. దానికి ఐ.ఎన్.జి. తగిలించరు. 'ఐ వాజ్ నోయింగ్' అని మనం అనేది 'తెలుస్తోంది' నుంచి వచ్చిన తప్పు. మరి మెల్లమెల్లగా తెలుస్తున్నప్పుడు ఏమనాలి? 'ఐ వాజ్ గెటింగ్ టు నో హిమ్', 'ఐ వాజ్ బిగినింగ్ టు అండర్‌స్టాండ్ ద లెసన్' అనాలి. గడప పనిని 'గెటింగ్', 'బిగినింగ్' చేస్తాయి. అసలు క్రియ 'టు' పక్కన మామూలుగా ఉంటుంది.

ఇంకో చిన్న హెచ్చరిక. చటుక్కున జరిగే కొన్ని పనులకు గడప ఉండదు. పాము కనబడడం, మనిషిని గుర్తుపట్టడం వంటివి. 'ఐ వాజ్ నోటీసింగ్ ఎ స్నేక్' అనరు. 'ఐ నోటీస్డ్ ఎ స్నేక్' అంటారు. కనబడితే కనబడినట్టు, లేకపోతే లేదు.

గడప మీద నిలబడే క్రియలు

కొత్త స్థితిలోకి పోతున్నట్టు చెప్పడానికి ఇంగ్లీషులో ఎక్కువగా వాడేవి ఏడు క్రియలు. ఒక్కొక్కటి ఒక్కో మాటతో జత కడుతుంది.

గెట్: రోజువారీ మార్పులకు. 'వి వర్ గెటింగ్ హంగ్రీ' – మాకు ఆకలి మొదలవుతుండె.
బికమ్: కొంచెం గంభీరంగా, పెద్ద మార్పులకు. తర్వాత నామవాచకం కూడా వస్తుంది. 'షి వాజ్ బికమింగ్ ఎ గుడ్ టీచర్' – ఆమె మంచి టీచరు అవుతుండె.
టర్న్: రంగు, రూపం మారడానికి. 'ద టొమాటోస్ వర్ టర్నింగ్ రెడ్' – టమాటాలు ఎర్రబడుతుండె. 'ద మిల్క్ వాజ్ టర్నింగ్ ఇంటు కర్డ్' – పాలు తోడుకుంటుండె.
గ్రో: మెల్లగా జరిగే మార్పుకు. 'మై ఫాదర్ వాజ్ గ్రోయింగ్ ఓల్డ్' – నాన్న ముసలివాడవుతున్నాడు.
గో: ఎక్కువగా చెడు మార్పులకు. 'ద కర్రీ వాజ్ గోయింగ్ బ్యాడ్' – కూర పాడవుతోంది. మెస్సులో ఈ వాక్యం అవసరం రాకూడదని కోరుకుందాం.
ఫాల్: మన చేతిలో లేకుండా జారిపోయే మార్పులకు. 'ఫాలింగ్ అస్లీప్', 'ఫాలింగ్ ఇల్'.
కమ్: అనుకున్నది నిజమవుతున్నప్పుడు. 'హర్ డ్రీమ్ వాజ్ కమింగ్ ట్రూ' – ఆమె కల నిజమవుతోంది.

మార్పు విడవకుండా సాగుతోందని చెప్పడానికి 'డార్కర్ అండ్ డార్కర్', 'మోర్ అండ్ మోర్' అని రెండుసార్లు అంటారు. మన 'రోజురోజుకూ', 'రానురాను' లాంటివి. మొయినాబాద్ చుట్టుపక్కల గురించి ఒక వాక్యం చూడండి. 'మోర్ అండ్ మోర్ ఫీల్డ్స్ వర్ టర్నింగ్ ఇంటు ప్లాట్స్.' రానురాను పొలాలు ప్లాట్లుగా మారుతుండె. కూరగాయలు, పూలు పండే నేలను చూసిన వాళ్లకు ఈ వాక్యంలో 'వర్ టర్నింగ్'కు, 'టర్న్డ్'కు తేడా ఎవరూ చెప్పనక్కరలేదు. మొదటిదాంట్లో ఇంకా కొంత పొలం మిగిలి ఉంది.

రెండు పనులు కలిసినప్పుడు

గడప మీద ఉన్న మార్పు మధ్యలో ఇంకో పని జరిగితే, ఆ రెండో పనికి మామూలు భూతకాలం వాడి 'వెన్'తో కలుపుతారు. ఒకే 'వెన్' పక్కన మూడు రూపాలు పెడితే మూడు అర్థాలు వస్తాయి.

'వెన్ వి రీచ్డ్ ద హాస్టల్, ఇట్ వాజ్ గెటింగ్ డార్క్.' – చేరేసరికి చీకటి పడుతుండె. దారి కనబడింది.
'వెన్ వి రీచ్డ్ ద హాస్టల్, ఇట్ వాజ్ డార్క్.' – చేరేసరికి చీకటిగా ఉంది. దారి కనబడలేదు.
'వెన్ ద సన్ సెట్, ఇట్ గాట్ డార్క్.' – పొద్దు గూకాక చీకటి పడింది. ఒకదాని తర్వాత ఒకటి జరిగాయి.

వరుస గమనించండి. 'వెన్ ద డాక్టర్ కేమ్, హి వాజ్ డయింగ్' అంటే డాక్టరు చేయడానికి ఇంకా పని ఉంది. 'వెన్ ద డాక్టర్ కేమ్, హి వాజ్ డెడ్' అంటే ఆలస్యమైంది. 'వెన్ ద డాక్టర్ కేమ్, హి డైడ్' అంటే డాక్టరు రాగానే చనిపోయాడు. పోలీసు కాగితంలోనో, ఆసుపత్రి కాగితంలోనో ఈ మూడింటిలో ఒకటి బదులు ఇంకొకటి పడితే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే దీన్ని మార్కుల పాఠం అనుకోకండి.

అభ్యాసం

కింది వాక్యాలను ఇంగ్లీషులో రాయండి. జవాబులు చేత్తో మూసి పెట్టి ప్రయత్నించండి.

1. సారు వచ్చినప్పుడు మేము వరుసలో కూర్చుని ఉన్నాం.
2. సారు వచ్చినప్పుడు మేము వరుసలో కూర్చుంటున్నాం.
3. బావి ఎండిపోతుండె, కానీ వానలు దాన్ని నింపాయి.
4. అమ్మ కొత్త చీర కట్టుకుని ఉంది.
5. గంట కొట్టినప్పుడు నేను నిద్రలోకి జారుకుంటున్నాను.
6. పాఠం నాకు మెల్లగా అర్థమవుతుండె.
7. బస్సు ఆగుతుండగా ఒకతను దూకాడు.

జవాబులు:
1. 'వి వర్ సిటింగ్ ఇన్ ఎ లైన్ వెన్ సర్ కేమ్.'
2. 'వి వర్ సిటింగ్ డౌన్ ఇన్ ఎ లైన్ వెన్ సర్ కేమ్.'
3. 'ద వెల్ వాజ్ డ్రయింగ్ అప్, బట్ ద రెయిన్స్ ఫిల్డ్ ఇట్.'
4. 'మదర్ వాజ్ వేరింగ్ ఎ న్యూ శారీ.' (ఇప్పటి సంగతి అయితే 'వాజ్' బదులు 'ఈజ్'.)
5. 'ఐ వాజ్ ఫాలింగ్ అస్లీప్ వెన్ ద బెల్ ర్యాంగ్.'
6. 'ఐ వాజ్ స్లోలీ బిగినింగ్ టు అండర్‌స్టాండ్ ద లెసన్.'
7. 'ఎ మ్యాన్ జంప్డ్ యాజ్ ద బస్ వాజ్ స్టాపింగ్.'

ఏడింటిలో అయిదు సరిగ్గా వస్తే చాలు. మిగతా రెండింటిని మన భాషలోకి తిప్పి 'తుండె' పెట్టి చూసుకోండి. ఎక్కడ తప్పిందో తెలుస్తుంది.

చివరి మాట

సెలవు చీటీ రాసే తమ్ముళ్లకు ఒక సూచన. ఇంట్లో ఎవరికైనా బాగా లేకపోతే 'మై గ్రాండ్‌మదర్ ఈజ్ వెరీ ఇల్' అని రాయండి. పరిస్థితి చేయి దాటుతుంటే 'షి ఈజ్ డయింగ్' అని రాయండి. 'డైడ్' అన్న మాట మనిషి పోయాక మాత్రమే రాయండి. ఏ రూపం రాయాలో అనుమానం వస్తే ముందు తెలుగులో రాసి ఇచ్చి, సంగతి అంతా చెప్పండి. సెలవు ఇచ్చే పెద్దలకు కూడా మా విన్నపం ఒక్కటే. అత్యవసరమైన చీటీ తెలుగులో ఉన్నా తీసుకోండి. ఇంగ్లీషు నేర్పడానికి మిగతా రోజులు ఉన్నాయి.

ఆ గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం అన్నాం. 'ఆల్ ఎయిట్ ఆఫ్ అస్ వర్ బికమింగ్ గ్రాడ్యుయేట్స్' అని ఎవరైనా అప్పట్లో రాసి ఉంటే తప్పు కాదు. అందరం ఆ దారిలోనే ఉన్నాం. కానీ ముగ్గురు మధ్యలో ఆగిపోయారు. ఒకరికి ఇంటి అప్పు, ఒకరికి నాన్న జబ్బు, ఇంకొకరికి ఇంటర్లో పోయిన ఇంగ్లీషు పేపరు. వాళ్లు మాకంటే తక్కువ వాళ్లు కారు. గడప మీద ఉండగా ఎవరూ చేయి అందించలేదు, అంతే. దాటుతున్న మాట నిజమైనా, దాటుతామన్న హామీ ఆ వాక్యంలో లేదు. 'బట్' ఎప్పుడైనా రావచ్చు.

అందుకే తమ్ముళ్లారా, మీలో ఎవరికైనా ఇంగ్లీషు పేపరు భయంగా ఉంటే సెలవు రోజుల్లో ఎంకపల్లిలో మా ఇంటికి రండి. కూర్చుని చెబుతాం. పరీక్ష పోయినవాళ్లు కూడా రండి, మళ్లీ రాద్దాం. ఆగిపోయిన ఆ ముగ్గురిలో ఒకరు ఇప్పటికే ఓపెన్ డిగ్రీలో చేరారు. ఇప్పుడు అతని గురించి మేము ఇంగ్లీషులో 'హి ఈజ్ బికమింగ్ ఎ గ్రాడ్యుయేట్' అని రాస్తున్నాం. వచ్చే వార్షికోత్సవ సంచికల్లో ఒకదానిలో ఆ వాక్యాన్ని 'హి బికేమ్' అని మార్చి రాయాలని మా కోరిక.

నాయనమ్మ ఆఖరి చూపు దక్కని మా మిత్రుడు ఈ సంచిక చదువుతాడు. ఒరేయ్, నువ్వు ఆ రోజు అన్న మాట సరైనదే. మాకే రాయడం రాలేదు.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.